పలుచని పొరల్లో వేడి – 4వ పాఠం: జతకు సరిహద్దులెన్ని?

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది: రెండు పదార్థాల పలుచని పొరలను మార్చి మార్చి పేర్చితే, పొరలను దాటిపోయే వేడికి మొత్తం వాహకత ఎంత? దానికి ఎక్కువమంది పంపిన జవాబులు 67.5, 60. రెండూ తప్పే. కాకపోతే 60 రాసినవారు సగం దారి వచ్చారు.

5 నానోమీటర్ల గాలియం ఆర్సెనైడ్, దాని మీద 5 నానోమీటర్ల అల్యూమినియం ఆర్సెనైడ్, ఈ రెండూ ఒక జత, మళ్లీ అదే వరస. వేడిని పోనిచ్చే గుణం, అంటే వాహకతలు, వరసగా 45, 90 (మీటరుకు, కెల్విన్‌కు వాట్లలో) అనుకున్నాం. వేడి పొరల వెంబడి సాగితే సగటు, అంటే 67.5, సరే. పొరలను దాటుతుంటే నిరోధాలు (మందాన్ని వాహకతతో భాగిస్తే వచ్చేవి) కూడాలి: 5/45 + 5/90 = 0.167. 10ని దానితో భాగిస్తే 60. నానోమీటర్లను నేను మార్చను, సున్నాలు రాసే ఓపిక లేదు. నిరోధాలన్నిటికీ వెనక 10⁻⁹ ఉందని గుర్తుంచుకుంటే చాలు.

మిగిలింది సరిహద్దు నిరోధం, అంటే రెండు పొరలు కలిసేచోట వేడికి తగిలే అడ్డు. ద్రవ హీలియంలో 1941లో దీన్ని గమనించిన భౌతిక శాస్త్రవేత్త కపిట్జా పేరుతోనే పిలుస్తారు. ఒకరు మన పొరలను పూతరేకులతో పోల్చారు. నోరూరింది గానీ పోలిక కుదరదు. పూతరేకు మడతల మధ్య గాలి, బెల్లం ఉంటాయి. ఇక్కడ సందే లేదు, అంతా ఒకే అల్లికలో పెరిగిన స్ఫటికం. అయినా గాలియం పరమాణు భారం 70, అల్యూమినియంది 27. బరువు అలా మారేచోట, వేడిని మోసే పరమాణు కంపనాల్లో కొన్ని వెనక్కి మళ్లుతాయి.

ఈ నిరోధాన్ని లెక్క కోసం 1 అనుకోమన్నాను. దాన్ని కలిపినవారిలో కూడా చాలామంది జతకు ఒక్కసారే కలిపారు! ఒక్క జత బొమ్మ గీసి అక్కడే ఆగిపోతే అంతే. కాగితం మీద గా|అ|గా|అ|గా అని రాయండి. మొదటి 'గా' నడుమ వేలు పెట్టి రెండో 'గా' నడుమ వరకు జరపండి. రెండు గీతలు దాటారా? ఇప్పుడు 'అ' నడుమ నుంచి తర్వాతి 'అ' దాకా జరపండి. అక్కడా రెండే. ఎక్కడ మొదలుపెట్టినా జతకు రెండు, పది జతలకు ఇరవై. మొత్తం నిరోధం 2.167, వాహకత 4.6. ఒక్కటే కలిపితే 8.6 వస్తుంది, దాదాపు రెట్టింపు.

ఇంత పలుచని పొరకు 45, 90 చెల్లుతాయా అని అడిగినవారికి: చెల్లవు. ఫోనాన్లు, అంటే వేడిని మోసే ఆ కంపనాలు, చాలావరకు అంతకన్నా దూరం తాకిడి లేకుండా పోగలవు. ఆ సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: రెండు పొరల మందం సమానంగానే ఉంచి పెంచుకుంటూ పోండి. జత మందం ఎంతయినప్పుడు పొరల నిరోధం, సరిహద్దుల నిరోధం సమానమవుతాయి? 2 నుంచి 500 నానోమీటర్ల వరకు జత మందానికి వాహకత గ్రాఫు కూడా గీయండి, చేత్తో.