అరవై దాటాక కాళ్లలో బలం, నడకలో నిలకడ తగ్గకుండా ఏం చేయాలి?

కేబీఆర్ పార్కులోనో ఇందిరా పార్కులోనో రోజూ గంటసేపు నడిచేవాళ్లు కూడా ఇంటికొచ్చి సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనిస్తుంటారు. నడక గుండెకూ షుగరుకూ మంచిదే. కానీ చదునైన బాట మీద నడిచినంత మాత్రాన తొడల్లో బలం పెద్దగా పెరగదు, తూలినప్పుడు నిలదొక్కుకోవడమూ రాదు. వాటికి విడిగా సాధన కావాలి. ఒక కుర్చీ, ఒక గోడ చాలు.

ముందు మీ బలం చూసుకోండి. చేతులు లేని డైనింగ్ కుర్చీని గోడకు ఆనించండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, గ్రానైట్ నేల మీద జారిపోతుంది. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కొలత ప్రకారం 65–69 ఏళ్ల మగవారు 12 కన్నా, ఆడవారు 11 కన్నా తక్కువ చేస్తే కాళ్ల బలం తగ్గినట్టే. నెల తర్వాత మళ్లీ చూసుకోండి, ఆ తేడాయే ముఖ్యం.

1. కూర్చుని లేవడం

కుర్చీ అంచుకు జరగండి. పాదాలను మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి పెట్టండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: నడుం నిటారుగా ఉంచి లేవబోతారు, బరువంతా వెనకే ఉండిపోయి ధబ్బున కూలబడతారు. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. ఊపిరి బిగబట్టకూడదు, లేస్తూ వదలాలి.

8 నుంచి 10 సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, ఇంకో విడత చేయండి. రోజు విడిచి రోజు చాలు. అసలు లేవలేకపోతుంటే కుర్చీలో దుప్పటి మడిచి వేసి ఎత్తు పెంచండి. తేలికైపోయిందా, కిలో బియ్యం ప్యాకెట్‌ను గుండెకు హత్తుకుని చేయండి.

2. మడమలెత్తడం

వంటగట్టు అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, నెమ్మదిగా దిగండి. పది పదిహేనుసార్లు. పొయ్యి మీద పాలు కాగేలోపు అయిపోతుంది.

3. ఒకే గీత మీద నిలబడటం

గదిమూలకు వీపు పెట్టి నిలబడండి, ముందు కుర్చీ ఉంచుకోండి. ఒక మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా, టైల్స్ గీత మీద నిలబడినట్టు నిలబడాలి. దేన్నీ పట్టుకోకుండా 10 సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం. వారానికి కనీసం 3 రోజులు చేయండి. సాక్సులతో వద్దు.

తిండి

60 కిలోల బరువున్న పెద్దవారికి రోజుకు 60–70 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, గుప్పెడు కందిపప్పులో 6–7 గ్రాములు దొరుకుతాయి. పొద్దున రెండు ఇడ్లీలు, రాత్రి మజ్జిగన్నం తినేవాళ్లకు ఈ లెక్క తేలదు. ఇడ్లీతో ఒక గుడ్డు, లేదంటే గిన్నెడు ఉడికించిన శనగలు తినండి. పలచటి చారును పప్పుగా లెక్కేయకండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచొద్దు.

ఇల్లు

బాత్రూమ్‌లో టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు, ఊడి చేతికొస్తుంది. గోడకు డ్రిల్ చేసి గట్టి కడ్డీ బిగించండి. నిండు బకెట్ మోయకుండా కుళాయి కిందే ఉంచి, స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా జీరో బల్బు వెలగాలి.

లేవగానే కళ్లు తిరుగుతుంటే పడుకుని ఒకసారి, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చూపించండి. వాడుతున్న మాత్రలేవీ మీ అంతట మీరు మానొద్దు.

ఎవరైనా పడితే కంగారుగా చంకల కింద చేతులేసి లేపకండి. తుంటి దగ్గర నొప్పి ఉండి, కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనిపిస్తే ఎముక విరిగి ఉండొచ్చు. కదపకుండా 108కి ఫోన్ చేయండి.