వీలుకప్ మొరాయిస్తే: మిల్లు లెక్కల ఎక్సెల్, 4వ భాగం

పోయిన భాగంలో కొనుగోళ్ల షీటు ఒకటి, రకాలవారీ రేట్ల షీటు ఒకటి పెట్టుకుని వీలుకప్‌తో రేటు తెచ్చుకున్నాం కదా. ఒక పేరుని జాబితాలో వెతికి అదే వరుసలోని విలువ తెచ్చే ఎక్సెల్ ఫార్ములా (VLOOKUP) అది. అది పనిచేస్తూ పనిచేస్తూ సరిగ్గా దాళ్వా కోతలప్పుడు, మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడే మొరాయిస్తుంది. షీటు నిండా #ఎన్/ఏ, అంటే వెతికింది దొరకలేదని. టెన్షన్‌లో అందరూ చేసే పని ఫార్ములా చెరిపేసి మళ్లీ రాయడం. వద్దు. ఎవరూ ముట్టుకోని ఫార్ములా తనంతట తాను పాడవదు, దానికి అందుతున్న డేటాలోనే తేడా వచ్చి ఉంటుంది.

ఎర్రర్ ఉన్న వరుసల్లో ఒక్కటి పట్టుకోండి. రెండు షీట్లలోనూ వరి రకం పేరు ‘ఎంటీయూ 1121’ అనే కనిపిస్తుంది. ఆ పేరు ఏ2 గడిలో ఉందనుకుంటే, ఖాళీ గడిలో =లెన్(ఏ2) కొట్టండి, అది అక్షరాలు లెక్కపెడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఉంటే మధ్యలో ఖాళీతో కలిపి 8 రావాలి. 9 వచ్చిందా, చివర్లో కంటికి కనబడని స్పేస్ ఉందన్నమాట, =ట్రిమ్(ఏ2) దాన్ని తీసేస్తుంది. వెబ్‌సైటు నుంచి కాపీ చేసిన జాబితా అయితే ట్రిమ్‌కి కూడా లొంగని స్పేస్ ఒకటి వస్తుంది, దానికి =ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(ఏ2,చార్(160)," ")) వాడాలి. రెండుచోట్లా 8 వచ్చినా దొరకడం లేదంటే మళ్లీ పరీక్షగా చూడండి, ఒకరు మధ్యలో స్పేస్ కొట్టి, ఇంకొకరు హైఫన్ పెట్టి ఉంటారు. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్నది మాత్రం వీలుకప్ పట్టించుకోదు, అక్కడ టైమ్ వేస్ట్ చేయకండి.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం రకాలకి ముందు ఎంటీయూ ఉంటుందని మనకి తెలుసు గానీ, కాటా దగ్గర రైతు ‘పదకొండు ఇరవై ఒకటి’ అంటాడు, గుమస్తా 1121 అని ఊరికే అంకె కొట్టేస్తాడు. రేట్ల షీటులోనూ 1121 అనే ఉన్నా, ఒకచోట అది నంబరు, ఇంకోచోట టెక్స్ట్ అయితే కలవవు. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉంటే అనుమానించండి, =ఈజ్‌నంబర్(ఏ2) ట్రూనో ఫాల్సో చెప్పేస్తుంది. ఆ కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి ఫినిష్ నొక్కితే అన్నీ నంబర్లయిపోతాయి. 7029 రకాన్నే ఇంకోచోట స్వర్ణ అని రాసేవాళ్లకి మాత్రం ఏ ఫార్ములా సాయం చేయదు, ఏదో ఒక పేరుకి కట్టుబడాల్సిందే.

పై వరుసలు బాగానే ఉండి కిందవి చెడితే, ఫార్ములాని కిందికి లాగినప్పుడు రేంజ్ జారిపోయింది. ఎఫ్4 నొక్కి డాలర్ గుర్తులు పెట్టండి.

ఇంతవరకూ చెప్పినవి నయం, కనీసం ఎర్రర్ కనిపిస్తుంది. ఎర్రర్ లేకుండా తప్పు రేటు వచ్చేదే అసలు ప్రమాదం, కాటా చీటీ మీద ఎక్కేదాకా ఎవరికీ తెలీదు. వీలుకప్‌లో బ్రాకెట్ల లోపల నాలుగోగా రాసే విలువ వదిలేస్తే అది దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది, జాబితా ఆరోహణ క్రమంలో లేకపోతే ఏదో ఒకటి తెచ్చి పెడుతుంది. అక్కడ ఫాల్స్ రాసి తీరాలి. ఇంకోటి, పేరుకీ రేటుకీ మధ్య ఎవరో ‘తేమ పరిమితి’ కాలమ్ చొప్పించారనుకోండి, ఫార్ములాలో ‘రెండో కాలమ్ తీసుకో’ అని చెప్పే 2 మారదు. రేటు గడిలో 17 వచ్చిందంటే ధాన్యం చవకైపోలేదు, తేమ శాతం వచ్చి కూర్చుంది. ఎక్సెల్ 2021 గానీ 365 గానీ ఉంటే దీని కొత్త రూపం ఎక్స్‌లుకప్‌కి మారిపోండి, ఈ రెండు గొడవలూ ఉండవు.

ఇఫ్‌ఎర్రర్‌తో #ఎన్/ఏ స్థానంలో సున్నా వేసి దాచేయడం నాకస్సలు నచ్చదు. ఆ సున్నా మొత్తంలో కలిసిపోయి రైతుకి డబ్బు తగ్గుతుంది.

అభ్యాసం: మీ షీటుకి ఒక కాపీ తీసి, ఒక పేరు చివర స్పేస్, ఒక అంకె ముందు సింగిల్ కోట్, మధ్యలో ఒక కొత్త కాలమ్ పెట్టండి. పక్క సీటు వాళ్లని వెతకమనండి. రకం, గ్రేడు రెండూ చూసి రేటు తేవడం అయిదో భాగంలో.