చేపల జెనెటిక్స్‌లో సైంటిస్ట్ అవ్వాలంటే ఎక్కడ మొదలెట్టాలి

బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే, అన్నా జెనెటిక్స్ తీసుకుంటే రీసెర్చ్‌లో స్కోప్ ఉంటుందా అని. ఉంటుంది, కాకపోతే మీరు ఊహించుకున్న తెల్లకోటు, డీఎన్‌ఏని కాపీలు తీసే పీసీఆర్ మెషిన్ అన్నీ తర్వాత సంగతి, ముందు చెరువు, వల, తూకం, రికార్డు బుక్కు.

రూటు పెద్ద రహస్యమేం కాదు. ముత్తుకూరులోనో పెబ్బేరులోనో నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన ఐకార్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) ఎంట్రన్స్ రాసి ఎంఎఫ్‌ఎస్సీ అనే పీజీ, వీలైతే ముంబైలో ఫిషరీస్ యూనివర్సిటీ సీఐఎఫ్‌ఈలో ఫిష్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్. తర్వాత పీహెచ్‌డీ, నెట్, ఐకార్‌లో సైంటిస్టుగా తీసుకునే ఏఆర్‌ఎస్ పరీక్ష, అర్హతలు మారుతుంటాయి కాబట్టి ఆ పరీక్షలు పెట్టే ఏఎస్‌ఆర్‌బీ నోటిఫికేషన్ మీరే చదువుకోండి, కోచింగ్ వాళ్ల మాట నమ్మొద్దు. జువాలజీ, బయోటెక్ ఎమ్మెస్సీ వాళ్లు ప్రాజెక్టుల్లో జేఆర్‌ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలోగా) దూరొచ్చు.

అసలు పని అర్థం కావాలంటే జయంతి రోహు (రోహు అంటే మన శీలావతే) కథ చదవండి. 1992లో భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న సీఫా (ఐకార్ వాళ్ల మంచినీటి చేపల పరిశోధన సంస్థ) వాళ్లు నార్వే వాళ్లతో కలిసి మొదలుపెట్టారు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నుంచి శీలావతి పిల్లల్ని తెచ్చి, వాటికి తమ ఫారం చేపల్ని కలిపి, ఏ తల్లికి ఏ తండ్రి అనే లెక్క తప్పకుండా కుటుంబాలు కుటుంబాలుగా పెంచి, బాగా పెరిగిన కుటుంబాల్నుంచే తర్వాతి తరానికి తల్లిదండ్రుల్ని ఎంచారు. 1997లో రిలీజ్ చేశారు, తరానికి సుమారు 17 శాతం ఎదుగుదల పెరిగింది. ఇందులో జీన్‌ని కోసి అతికించింది ఏమీ లేదు, అంతా లెక్కే!

ఆ లెక్క ఎలా నిలబడుతుందో చూడండి. ఒక్కో కుటుంబం పిల్లల్ని వేరే వేరే చిన్న చెరువుల్లో పెంచి, కాస్త ఎదిగాక బియ్యం గింజంత ఉండే పిట్ ట్యాగ్ అనే చిప్‌ని సూదితో పొట్టలోకి ఎక్కించి, రీడర్‌తో నంబరు చదివి, బరువుతో పాటు రాసుకుని అన్నిటినీ ఒకే చెరువులో కలిపేస్తారు. ఎందుకంటే ఒక చెరువులో నీళ్లు మేత బావుండి పెరిగిందో, రక్తంలోనే ఉండి పెరిగిందో తేలాలి కదా. డీఎన్‌ఏ కావాలంటే రెక్క చివర చిన్న ముక్క కత్తిరించి ఆల్కహాల్‌లో వేస్తారు, చేపకీ చేపకీ మధ్య కత్తెర తుడవాలి, లేబుల్ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఒక్క నంబరు తారుమారైతే పెడిగ్రీలో (వంశవృక్షంలో) ఆ కొమ్మ మొత్తం తేడా.

అందుకే నా సలహా, సెలవుల్లో కైకలూరు వైపు ఏదైనా హేచరీలో ఓ బ్రీడింగ్ సీజన్ ఉండండి. గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ డోసు, బ్రూడర్ (తల్లి, తండ్రి చేప) ఎంపిక, స్పాన్ (అప్పుడే పుట్టిన పిల్లలు) లెక్క కళ్లారా చూస్తారు. అవే పది బ్రూడర్లని ఏళ్ల తరబడి తిప్పుతుంటే, పోనీ బొచ్చె, శీలావతి ఒకే ట్యాంకులో కలిపి వదిలేస్తే ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి చుట్టాల మధ్య సంకరం), హైబ్రిడ్లు ఎలా మొదలవుతాయో క్లాసులో వంద స్లయిడ్లకన్నా బాగా ఎక్కుతుంది. అక్కడ పనోళ్లని గౌరవంగా అడిగితే సైన్సోళ్లకి తెలియనివి చాలా చెప్తారు.

రెండోది స్టాటిస్టిక్స్. దీనికి భయపడి పారిపోయే వాళ్లే ఎక్కువ, అదే మీకు అవకాశం. హెరిటబిలిటీ (తేడాల్లో ఎంత భాగం వారసత్వంగా వచ్చింది), బ్రీడింగ్ వాల్యూ (తల్లిదండ్రిగా ఒక చేప విలువ), వాటిని లెక్కగట్టే మిక్స్‌డ్ మోడల్ ఇవి చేతికి రావాలి. ఆర్ సాఫ్ట్‌వేర్ ఫ్రీనే, ఈరోజే మొదలెట్టొచ్చు. సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదవడం) బయట కంపెనీ చేసిచ్చేస్తుంది, ఆ ఫైళ్లలోంచి అర్థం తీసే మనిషికే డిమాండ్. సాల్మన్‌లో ఐపీఎన్ అనే వైరస్ రోగాన్ని తట్టుకోవడంలో జన్యుపరమైన తేడా ఎక్కువ భాగం డీఎన్‌ఏలో ఒకే ఒక్క చోట ఉందని తేలింది ఇలాంటి లెక్కల్తోనే, మన చేపల్లో రోగాలకి అంత తేలిగ్గా దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఐకార్‌లో లక్నో ఎన్‌బీఎఫ్‌జీఆర్ (చేపల జన్యు వనరుల సంస్థ) కూడా ఉంది, కానీ ఉద్యోగాలు ఐకార్‌లోనే ఉంటాయనుకోవద్దు, మన కృష్ణా జిల్లా మణికొండలో గిఫ్ట్ తిలాపియా (ఎంపిక చేసి మెరుగుపరిచిన తిలాపియా రకం) మీద పనిచేసే ఆర్‌జీసీఏ అనే ఆక్వాకల్చర్ పరిశోధన కేంద్రం, రొయ్య బ్రూడ్‌స్టాక్ (తల్లి రొయ్యల) కంపెనీలు కూడా చూడండి. బయటి దేశాలకెళ్లాలంటే నార్వే, నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్, స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో, స్టిర్లింగ్ యూనివర్సిటీలు. ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేటప్పుడు రెస్పెక్టెడ్ సర్ అని పేజీలు నింపకుండా, ఆయన పేపరు ఒకటి చదివి అందులో మీకొచ్చిన ఒక్క డౌటు, మీరు సొంతంగా చేసిన ఒక చిన్న డేటా అనాలిసిస్ పెట్టండి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఇంకోసారి గుర్తుచేయండి, తప్పేం లేదు.