పాదాలకు రిఫ్లెక్సాలజీ: ఎలా పని చేస్తుందంటారు, ఇంట్లో ఎలా చేయాలి

అనంతపురం, కడప, నెల్లూరు వైపు నుంచి బెంగళూరులో పిల్లల దగ్గరకు వచ్చి కొన్ని నెలలు ఉండిపోయే పెద్దవాళ్ళలో చాలామందికి కాళ్ళ తీపులు, మడమ నొప్పి, రాత్రి సరిగ్గా నిద్ర పట్టకపోవడం మామూలే. నగరంలోని చాలా పెద్ద మాల్స్‌లో పాదాలు నొక్కే యంత్రపు కుర్చీ గాని ఫుట్ స్పా గాని ఉంటుంది. అక్కడి గోడ మీద అరికాలి బొమ్మ వేలాడుతుంటుంది. అందులో బొటనవేలి దగ్గర మెదడు, మధ్యలో మూత్రపిండాలు, మడమ దగ్గర నడుము రంగుల్లో గుర్తించి ఉంటాయి. ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలో, దాని ఆధారంగా పాదాలను నొక్కే రిఫ్లెక్సాలజీ అనే పద్ధతిని ఇంట్లో అమ్మకో నాన్నకో ఎలా చేయాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. రిఫ్లెక్సాలజీ హాయిని, మంచి నిద్రను, కొంత ఉపశమనాన్ని ఇవ్వగలదని, కానీ అది జబ్బును కనిపెడుతుందనడానికి గాని నయం చేస్తుందనడానికి గాని గట్టి ఆధారం లేదని నా అభిప్రాయం. ఈ హద్దు తెలుసుకుని చేస్తే, పెద్దవాళ్ళకు మనం చేయగలిగిన మంచి సేవల్లో ఇది ఒకటి.

అరికాళ్ళకు నూనె రాయడం మనకు కొత్త కాదు. ఆయుర్వేద దినచర్యలో తలకు, చెవులకు, పాదాలకు అభ్యంగం ప్రత్యేకంగా చెప్పారు. అయితే రిఫ్లెక్సాలజీ పేరుతో ఇప్పుడు చేసేది అమెరికాలో, గత శతాబ్దంలో రూపుదిద్దుకున్న పద్ధతి. విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు వైద్యుడు శరీరాన్ని తల నుంచి కాలి వేళ్ళ దాకా నిలువుగా 10 మండలాలుగా విభజించి, ఒక మండలంలో ఒకచోట నొక్కితే అదే మండలంలోని మరో భాగంలో ఫలితం కనిపిస్తుందని 1910ల్లో ప్రతిపాదించారు. 1930ల్లో ఫిజియోథెరపిస్టు యూనిస్ ఇంగ్‌హామ్ ఆ ఆలోచనను పాదాల మీద కేంద్రీకరించి, ఏ అవయవానికి ఏ చోటో చెప్పే పటాన్ని తయారు చేశారు. మాల్ గోడ మీద మనం చూసే బొమ్మకు మూలం అదే.

ఆ పటం ప్రకారం కుడి పాదం శరీరంలో కుడి సగానికి, ఎడమ పాదం ఎడమ సగానికి ప్రాతినిధ్యం వహిస్తాయి. వేళ్ళు తలకు, మెడకు. వేళ్ళ కింది మెత్తని భాగం ఊపిరితిత్తులకు, రొమ్ముకు. అరికాలి వంపు జీర్ణాశయానికి, కాలేయానికి, మూత్రపిండాలకు. మడమ కటి భాగానికి. పాదం లోపలి అంచు పొడవునా వెన్నెముకకు చెందుతుంది. ఈ చోట్లను నొక్కితే ఆగిన శక్తి ప్రవాహం మళ్ళీ సాగుతుందని కొందరు, నరాల ద్వారా సంకేతం అవయవానికి చేరుతుందని కొందరు, చర్మం కింద పేరుకున్న స్ఫటికాలు కరుగుతాయని మరికొందరు వివరిస్తారు. శరీర నిర్మాణ శాస్త్రం ఈ వివరణలను సమర్థించదు. అరికాలి స్పర్శను మోసుకెళ్ళే నరాలు వెన్నుపాము కింది భాగాన్ని చేరి, అక్కడి నుంచి మెదడుకు సంకేతాలు పంపుతాయి. పాదంలోని ఒక బిందువు నుంచి నేరుగా కాలేయానికో మూత్రపిండానికో వెళ్ళే దారి లేదు. పైగా వేర్వేరు సంస్థల పటాలు అన్ని చోట్లా ఒకదానితో ఒకటి ఏకీభవించవు.

అంతమాత్రాన పాదాలు నొక్కినప్పుడు కలిగే హాయి భ్రమ కాదు. నొప్పి సంకేతాలతో పాటు స్పర్శ, ఒత్తిడి సంకేతాలు కూడా వెన్నుపామును చేరినప్పుడు నొప్పి తీవ్రత తగ్గవచ్చని నొప్పిపై పరిశోధించిన శాస్త్రవేత్తలు రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోటును మనం తెలియకుండానే రుద్దుకోవడం వెనుక ఉన్నది ఇదే. నెమ్మదిగా, ఒకే లయలో సాగే స్పర్శ వల్ల శ్వాస నిదానించి, కండరాలు సడలి, శరీరం విశ్రాంతి స్థితిలోకి వెళుతుంది. అరగంట సేపు ఫోన్ పక్కన పెట్టి, ఒక మనిషి మరో మనిషి మీద పూర్తి శ్రద్ధ పెట్టడం కూడా ఇందులో భాగమే, దాన్ని తక్కువగా చూడకూడదు.

పరిశోధనలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి. ప్రత్యామ్నాయ వైద్యాలపై పరిశోధించిన ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్, ఆయన సహచరులు 2011లో 23 క్లినికల్ ట్రయల్స్‌ను (మనుషులపై చేసిన వైద్య పరీక్షలను) సమీక్షించి, ఏ జబ్బుకైనా రిఫ్లెక్సాలజీ పని చేస్తుందని నమ్మదగిన రుజువు లేదని తేల్చారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019 ఏప్రిల్ నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీల్లోంచి దీన్ని తొలగించింది. మరోవైపు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న 385 మంది మహిళలపై చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, రిఫ్లెక్సాలజీ పొందినవారికి ఆయాసం తగ్గి రోజువారీ పనులు కొంత తేలికయ్యాయి. నొప్పిలో, వాంతి భావనలో మాత్రం తేడా రాలేదు. పోలిక కోసం మామూలుగా పాదాలు మర్దన చేయించుకున్న బృందంలో అలసట తగ్గడం పరిశోధకులే ఊహించని ఫలితం. పటంలోని బిందువు కన్నా, పాదానికి అందిన స్పర్శే ముఖ్యమని నేను అనుకోవడానికి ఇదొక కారణం.

ఇక చేసే విధానానికి వస్తే, మొదటి పని పాదాలను చూడడం. రాత్రంతా బస్సులో కూర్చుని బెంగళూరు చేరిన పెద్దవాళ్ళకు రెండు పాదాలూ కొద్దిగా ఉబ్బడం సాధారణం. కాళ్ళు ఎత్తులో పెట్టి పడుకుంటే అది చాలావరకు తగ్గుతుంది. కానీ ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టిన లక్షణం కావచ్చు. అటువంటి కాలిని ఎంతమాత్రం నొక్కకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం కాబట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. దానితో పాటు ఆయాసం గాని ఛాతీ నొప్పి గాని ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి. పుండ్లు, ఇటీవలి ఎముక విరుగుళ్ళు, యూరిక్ ఆమ్లం వల్ల ఎర్రగా వాచిన కీలు ఉన్నప్పుడు కూడా చేయకూడదు. గర్భవతులు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు ముందుగా తమ వైద్యుణ్ణి అడగాలి.

చక్కెర జబ్బు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే స్పర్శ తగ్గిన పాదానికి మనం ఎక్కువగా నొక్కుతున్నామన్న సంగతే తెలియదు. వారిని కళ్ళు మూసుకోమని చెప్పి, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలి కొసలను మీ చూపుడు వేలితో ఒకటి రెండు క్షణాలు తేలికగా, నొక్కకుండా, తట్టకుండా తాకి, తెలిసిందో లేదో అడగండి. ఈ ఆరు చోట్లలో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. అప్పుడు పాదాలను వదిలి, వైద్యుడికి చూపించండి.

అడ్డంకులేమీ లేకపోతే, భోజనమైన గంట తర్వాత, వీలైతే నిద్రకు ముందు మొదలుపెట్టవచ్చు. మీ గోళ్ళు పూర్తిగా కత్తిరించి ఉండాలి. పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. నీటి వేడిని మీ మోచేతితోనే చూడండి. వారిని సోఫాలో వెనక్కి వాలేలా కూర్చోబెట్టి, మోకాళ్ళ కింద దిండు పెట్టి, మీరు ఎదురుగా తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చోవాలి. నూనె నాలుగైదు చుక్కలు చాలు. నూనె ఎక్కువైతే వేలు జారుతుంది, ఒత్తిడి నిలవదు.

పాదాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని మొదటి నిమిషం ఊరికే ఉండండి, తర్వాత చీలమండను రెండు వైపులా నెమ్మదిగా తిప్పి, వేళ్ళను ఒక్కొక్కటిగా సుతారంగా లాగి వదలండి. అసలు పద్ధతి బొటనవేలి నడక. ఒక చేత్తో పాదాన్ని వెనక నుంచి ఆనించి పట్టుకుని, మరో చేతి బొటనవేలి మొదటి కణుపును వంచుతూ, చాపుతూ, గొంగళిపురుగు పాకినట్టు చిన్న చిన్న అడుగులతో ముందుకు జరపాలి. వెనక్కి లాగకూడదు, చర్మాన్ని రుద్దకూడదు. మడమ నుంచి వేళ్ళ వైపు ఐదు నిలువు వరసల్లో ఇలా నడిపించి, ఆ తర్వాత లోపలి అంచు వెంట మడమ నుంచి బొటనవేలి దాకా వెళ్ళండి. వేళ్ళ కింది మెత్తని భాగం ముగిసే చోట, మధ్యలో ఉండే గుంటలో బొటనవేలిని ఉంచి, వారు గాలి పీల్చేటప్పుడు నొక్కి, విడిచేటప్పుడు సడలించడం ఐదారు సార్లు చేస్తే ఎక్కువ మందికి హాయిగా ఉంటుంది. ఒక్కో పాదానికి పదిహేను నిమిషాలు సరిపోతాయి.

ఎంత గట్టిగా నొక్కాలన్నదానికి వారి ముఖమే కొలత. మాట ఆగినా, కాలు వెనక్కి లాక్కున్నా ఒత్తిడి తగ్గించండి. నొప్పి ఉన్న చోట జబ్బు ఉందని కొందరు చెబుతారు. అరికాలి కండరం బిగిసినా, మడమ దగ్గరి పొర వాచినా, చెప్పు సరిగ్గా లేకపోయినా అక్కడ నొప్పి ఉంటుంది. కాలేయపు చోట నొప్పి పుట్టిందని అమ్మను భయపెట్టకండి. పని పూర్తయ్యాక నూనెను శుభ్రంగా తుడవడం మరచిపోకూడదు, అపార్ట్‌మెంట్ల నున్నటి టైల్స్ మీద నూనె పాదాలతో నడిస్తే పడిపోతారు. మర్దన తర్వాత విషాలు బయటకు పోతాయన్న మాటకు ఆధారం లేదు, ఆ పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉన్నాయి.

బయట చేయించుకోవాలనుకుంటే, కూర్చోబెట్టే ముందు మీ జబ్బులు, మందుల గురించి అడిగేవారి దగ్గరకే వెళ్ళండి. వారి దగ్గర ఉండే సర్టిఫికెట్ శిక్షణ పొందినందుకు ఇచ్చినది, అది వైద్యం చేసే అర్హత కాదు. పాదం చూసి రోగం చెప్పినా, బీపీ, షుగర్ మాత్రలు ఆపమన్నా లేచి వచ్చేయండి. పెద్దవాళ్ళకు కన్నడం రాకపోతే, నొప్పి పుడితే చెయ్యి పైకెత్తుతారని మర్దన చేసేవారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

కొన్ని పార్కుల్లో గులకరాళ్ళు పొదిగిన బాటలు వేస్తున్నారు. గులకరాళ్ళ లాంటి ఉపరితలం ఉన్న చాపల మీద 16 వారాలు నడిచిన వృద్ధులకు నడకలో నిలకడ, రక్తపోటు మెరుగుపడ్డాయని అమెరికాలోని ఓరెగాన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2005లో తెలిపింది. స్పర్శ బాగున్నవారు పట్టుకోవడానికి కమ్మీ ఉన్న చోట, మొదట రెండు మూడు నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. స్పర్శ తగ్గిన చక్కెర రోగులు మాత్రం వట్టి పాదాలతో వాటి మీద అడుగు పెట్టకూడదు.

పాదాలను తాకకూడని స్థితిలో ఉన్నవారికి చేతులున్నాయి. రిఫ్లెక్సాలజీలో అరచేతికీ పటం ఉంది. పటం సంగతి ఎలా ఉన్నా, అదే బొటనవేలి నడకను మణికట్టు నుంచి వేళ్ళ వైపు, ఒక్కో చేతికి పది నిమిషాలు చేయవచ్చు; పెద్దవాళ్ళు టీవీ చూస్తూ తమకు తామే చేసుకోవచ్చు కూడా.