హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి విమాన దూరం, సమయం లెక్కేయడం ఎలా?

టికెట్ మీద హైదరాబాద్‌లో పొద్దున 10.00, దుబాయ్‌లో మధ్యాహ్నం 12.20 అని ఉంటే, "రెండుంపావు గంటల్లో దిగిపోతాం" అనుకుంటారు చాలామంది. అవి రెండు దేశాల గడియారాలు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ప్రయాణ సమయం రాదు.

ముందు ఏ ఎయిర్‌పోర్టో తేల్చుకోండి. ఊరి పేరు నమ్మొద్దు, మూడక్షరాల కోడ్ చూడండి. మన హైదరాబాద్‌ది హెచ్‌వైడీ. పాకిస్థాన్‌లోని సింధ్ హైదరాబాద్‌ది హెచ్‌డీడీ. దుబాయ్‌లోనూ రెండున్నాయి: పాతది డీఎక్స్‌బీ, అల్ మక్తూమ్ డీడబ్ల్యూసీ.

ఇక దూరం. గూగుల్ ఎర్త్‌లో స్కేలు బొమ్మ నొక్కి, ముందు శంషాబాద్ మీద, తర్వాత దుబాయ్ మీద క్లిక్ చేస్తే సుమారు 2,550 కిలోమీటర్లు చూపిస్తుంది. ఎక్కడైనా 1,375 అని కనిపిస్తే కంగారు పడకండి, అవి నాటికల్ మైళ్లు, అంటే ఓడలకీ విమానాలకీ వాడే దూరపు కొలత. 1.852తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. గోడకు తగిలించిన మ్యాప్ మీద మాత్రం స్కేలు పెట్టొద్దు. దుబాయ్‌కి పెద్ద తేడా రాదు గానీ, అమెరికా దూరం కొలిస్తే లెక్క బాగా తప్పుతుంది. గ్లోబు మీద దారం లాగి చూడండి, దగ్గరి దారి ఉత్తరం వైపు ఎంత పైకి వంగుతుందో తెలుస్తుంది. విమానం తిరిగే దూరం ఈ కొలత కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే.

సమయానికి ఓ మోటు లెక్క ఉంది. జెట్ విమానం పైకి చేరాక గంటకు దాదాపు 850 కిలోమీటర్లు పోతుంది. 2,550ని 850తో భాగిస్తే 3 గంటలు. విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి, రన్‌వే దాకా పాకడానికి ఇంకో అరగంట కలపండి. మూడున్నర గంటలు.

ఇక్కడే గాలి అడ్డొస్తుంది. చలికాలంలో ఆ ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం జోరుగా వీస్తుంది. అందుకే వెళ్లేటప్పుడు దాదాపు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడుంపావు పట్టొచ్చు. దారి అదే, దూరమూ అదే!

ఇప్పుడు గడియారం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. 12.20కి గంటన్నర కలిపితే మన టైములో 1.50, అంటే అసలు ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో తేదీ కూడా చూసుకోవాలి. దుబాయ్‌లో శుక్రవారం రాత్రి 10కి ఎక్కితే ఇక్కడ దిగేది శనివారం తెల్లవారుజామున 3 ప్రాంతంలో. మా బాబాయి ఒకసారి శుక్రవారం తెల్లవారుజామునే వెళ్లి, పూలదండ పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటి నుంచి లెక్కేస్తే ఇంకో కథ. కరీంనగర్ నుంచి శంషాబాద్‌కి దాదాపు 4 గంటలు, అక్కడికి 3 గంటల ముందే చేరాలి. పొద్దున 10 గంటల విమానానికి రాత్రి 3కే కారెక్కాలి.