చుట్టు తిరిగే భయం: 3వ పాఠం - ఆటకు జ్ఞాపకం ఇవ్వడం

ఎంపికలతో సాగే, భయపెట్టే కంప్యూటరు ఆటను రాయడం నేర్చుకొనే ఈ వరుసలో, గత రెండు పాఠాలలో ఒక నడవాను కాగితం మీద గీసి, అందులో కనిపించే వస్తువులను వరుసగా రాసుకొన్నాం. ఈ పాఠంలో ఆ నడవా చివరి తలుపు తెరిచినవారు మళ్ళీ మొదటికే వచ్చేటట్లు, అంటే లూప్‌గా, మలచి, ఆడేవారి ఎంపికను దానికి ముడివేయడం నేర్చుకొంటాం. ఒకసారి మొదటి నుండి చివరి వరకు నడవడాన్ని ఇకమీదట ‘చుట్టు’ అని పిలుద్దాం.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చుట్టుకొక కొత్త భయం పెట్టాలని తోస్తుంది. నేను మొదటిసారి రాసిన ఆటలోనూ ఏడు చుట్టులకు ఏడు బెదిరింపులు పెట్టాను. ఆడినవారు మూడవ చుట్టుకే తరువాతి దానికోసం సిద్ధపడి నడవసాగారు, సిద్ధపడిన మనిషిని భయపెట్టడం చాలా కష్టం. లూప్‌లో భయం పుట్టేది మారిన వస్తువు నుండి కాదు, మారకుండా నిలిచిన వాటి మధ్య అది ఒక్కటే మారడం నుండి. కాబట్టి మొదటి చుట్టులో ఏమీ జరగకూడదు.

దీనికి నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ ‘పి.టి.’ అనే ఆట. హిదెయో కొజిమా దర్శకత్వంలో 2014 ఆగస్టులో ప్లేస్టేషన్ 4 కోసం ఉచితంగా విడుదలైన ఈ చిన్న ఆట, సైలెంట్ హిల్స్ అనే పెద్ద ఆటకు ముందుమాటగా వచ్చింది. ఆ పెద్ద ఆట రద్దయిన తరువాత 2015లో దీనిని కూడా ఆన్‌లైన్ దుకాణం నుండి తీసివేశారు. ఆటంతా ఒక ఇంటి నడవాలోనే సాగుతుంది. గోడ మీద ఫోటోలు, రేడియోలో ఒక కుటుంబ హత్య గురించిన వార్త, 23:59 చూపే గడియారం, మధ్యలో స్నానాల గది తలుపు, అంతే. ఆ నడవా తిన్నగా ఉండదు, ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు ఉండడం వల్లనే అవతల ఏముందో అడుగు వేస్తే తప్ప తెలియదు, మనం చూడనంతసేపూ అక్కడి వస్తువులను మార్చుకొనే వీలు కూడా ఆటకు దొరుకుతుంది. మీరు గీసిన నడవా తిన్నగా ఉంటే ఇప్పుడే ఒక మలుపు చేర్చండి. ఇంకొక విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: చేతికి టార్చిలైటు వచ్చినప్పటి నుండి లిసా అనే ప్రేతం ఆటగాడి వెనుకనే అంటిపెట్టుకొని తిరుగుతుందని, ఆట కోడ్‌ను విప్పి చూసినవారు 2019లో బయటపెట్టారు. ఎవరో వెనుక ఉన్నట్లు అనిపించిందని అయిదేళ్ళుగా చెప్పుకొన్నవారు భ్రమపడలేదన్నమాట.

పి.టి.లో ఎంపికకు చోటు తక్కువ. ఎంపికను దాని కనిష్ఠ రూపంలో చూడాలంటే 2023 నవంబరులో జపాన్ నుండి వచ్చిన ది ఎగ్జిట్ 8 చూడాలి. భూగర్భ రైల్వే స్టేషన్‌లోని దారి, ఎదురుగా నడిచి వచ్చే ఒక మనిషి, గోడకు పోస్టర్లు. ఏదైనా తేడా కనిపిస్తే వెనక్కి తిరగాలి, కనిపించకపోతే ముందుకు సాగాలి. సరిగ్గా నిర్ణయిస్తే, 8కి చేరవలసిన అంకె ఒకటి పెరుగుతుంది, తప్పితే మళ్ళీ 0. కొన్ని చుట్టులలో ఏ తేడా ఉండదు, ఆట బలమంతా అక్కడే ఉంది. ఏడవ అంకె దగ్గర నిలబడినవారు ‘ఆ పోస్టరులోని కళ్ళు ఇందాక ఇలాగే ఉన్నాయా?’ అని తమ జ్ఞాపకాన్నే అనుమానించడం మొదలుపెడతారు.

మూడవ మెట్టు స్లే ది ప్రిన్సెస్. 2023 అక్టోబరులో బ్లాక్ టాబీ గేమ్స్ విడుదల చేసిన ఈ ఆటలో ఒక కథకుడు, అడవిలోని గుడిసె నేలమాళిగలో ఉన్న రాకుమారిని చంపమని మనలను పంపుతాడు. చుట్టు తిరిగి మళ్ళీ అదే దారికి వచ్చేసరికి, కిందటిసారి మనం ఆమెను ఎలా చూశామో ఆమె అలా మారి ఉంటుంది: సందేహించకుండా కాపాడబోయినవారికి రక్షణ కోసం ఎదురుచూసే సుకుమారి అవుతుంది, ఆమె ముందు లొంగిపోయినవారికి తల ఎత్తి చూడవలసినంత మహాకాయ అవుతుంది. కథకుడికి మాత్రం కిందటి చుట్టు గుర్తుండదు. ఒకరికి గుర్తుండి, ఇంకొకరికి గుర్తు లేకపోవడమే ఆ సంభాషణలకు అంత పదును తెచ్చింది. ఇందులో తప్పు ఎంపిక అంటూ లేదని, ప్రతి ఎంపికకూ దానికి తగిన రూపం మాత్రమే ఉందని గమనించండి. భయపెట్టే ఆటలో సరైన జవాబు ఒకటుందని తెలిసిన క్షణం నుండి ఆడేవారు దానికోసం వెతుకుతారే తప్ప భయపడరు.

ఇప్పుడు మన పనికి వద్దాం. మీ ఆటలోని వేరియబుల్స్‌ను, అంటే ఆట గుర్తుపెట్టుకొనే, మారుతూ ఉండే విలువలను, రెండు పట్టికలుగా విడదీయండి. ఒకదానిలో చుట్టు ముగియగానే చెరిగిపోయేవి ఉంటాయి: లైటు వెలిగి ఉందా, తలుపు తెరిచి ఉందా వంటివి. రెండవదానిలో చుట్టు ముగిసినా చెరగనివి ఉంటాయి: ఎన్నో చుట్టు, ఆడేవారు ఎన్నిసార్లు వెనక్కి తిరిగారు, ఎవరి మాట విన్నారు. కథా ఆటలు తయారుచేసే రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్ వాడేవారికి, ఆటను మూసి మళ్ళీ తెరిచినా నిలిచి ఉండే పర్‌సిస్టెంట్ వేరియబుల్స్ కూడా అందుబాటులో ఉన్నాయి, అయితే వాటిని ఈ దశలో ఒకటికి మించి వాడవద్దు. మొదటి పట్టిక మీ నడవాను యథాస్థితికి తెస్తుంది, రెండవది దానిని మెల్లగా చెడగొడుతుంది.

నేను రాసుకొన్న నమూనా ఇది. స్థలం ఒక అపార్ట్‌మెంటులో మూడవ అంతస్తు నడవా: లిఫ్టు, మలుపు, పక్క ఫ్లాటు గుమ్మానికి మామిడాకుల తోరణం, దాని కింద రెండు జతల చెప్పులు. మొదటి చుట్టులో ఆటగాడు తన గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కొని బయలుదేరుతాడు, ఏమీ జరగదు. రెండవ చుట్టులో పక్క తలుపు కాస్త తెరిచి ఉంటుంది, లోపలి నుండి ఒక ముసలావిడ గొంతు ‘బాబూ, ఈ తలుపు కాస్త దగ్గరగా వేసి వెళ్ళవూ?’ అంటుంది. వేస్తే, మూడవ చుట్టులో తలుపు మూసే ఉంటుంది, బయట మాత్రం మూడు జతల చెప్పులుంటాయి, మూడవది ఆటగాడు తొడుక్కొన్న జతే. వేయకుండా వెళితే తలుపు ఇంకొంచెం తెరుచుకొని ఉంటుంది, అదే గొంతు ‘బాబూ’ అనడానికి బదులు అతని పేరు పెట్టి పిలుస్తుంది. రెండు దారులలోనూ తోరణం, లిఫ్టు, వెలుతురు తేడా లేకుండా ఉండాలి. ఇక్కడ దెయ్యాన్ని చూపాలన్న కోరిక కలుగుతుంది, దయచేసి ఆపుకోండి.

అభ్యాసంగా, మీ నడవాకు నాలుగు చుట్టులు రాయండి. ఎంపిక ఒక్కటే ఉండాలి, అది రెండవ చుట్టులో రావాలి, ఒక చుట్టు ఏ మార్పూ లేకుండా పోవాలి. కంప్యూటరు ముందు కూర్చోకముందే ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, మీరు చదువుతుంటే వారిని ఆడమనండి. మొదటి చుట్టు ముగియగానే ఆపి, అక్కడ ఏమేమి ఉన్నాయో చెప్పమనండి. అయిదు వస్తువులైనా చెప్పలేకపోతే మీ నడవాలో సామాను ఎక్కువైందని అర్థం. సగం తీసివేసి, ఇంకొకరితో మళ్ళీ మొదటి నుండి ఆడించండి.