ఇల్లు, ఒళ్ళు, చెత్తబుట్ట – 3వ పాఠం: కుంకుడుకాయ తలస్నానం, పిప్పి దాకా

పోయిన రెండు పాఠాల్లో వంటింటి చెత్తను తడి, పొడి అని విడదీయడం చూశాం. ఆ పని వారం రోజులైనా చేసి ఉంటే మీ చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఇవాళ బాత్‌రూమ్‌లోకి వెళ్దాం. చాలా ఇళ్ళల్లో వంటింట్లో రెండు బుట్టలుంటాయి కానీ బాత్‌రూమ్‌లో ఒక్కటే ఉంటుంది, అది కూడా మూత పెట్టిన చిన్న బకెట్టు, షాంపూ ప్యాకెట్లు, దువ్వెనకొచ్చిన జుట్టు, సబ్బు అట్ట, వాడేసిన బ్లేడు, శానిటరీ ప్యాడ్లు అన్నీ అందులోకే పోతాయి. అలా కలిసిపోయిన దాన్ని చెత్త బండి దగ్గర ఎవరో ఒకరు చేత్తో కెలకాలి. ఆ చెయ్యి గుర్తుపెట్టుకుని ఈ పాఠం చదవండి.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. ఖాళీ వాటర్ బాటిల్లో సగం దాకా మీ కుళాయి నీళ్ళు పట్టండి, ఒంటి సబ్బును చాకుతో కొంచెం గీకి వేసి మూత బిగించి గట్టిగా ఊపండి. నురుగు నిలిచి కింద నీళ్ళు తేటగా ఉంటే మీవి మెత్తటి నీళ్ళు. నురుగు అంతగా రాకుండా నీళ్ళు పాలలా తెల్లబడితే గట్టి నీళ్ళు, అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మాది హైదరాబాద్‌లో బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్, మా బాటిల్ మొత్తం పాలే. బకెట్టు అంచున తెల్లగా పేరుకునే పొర ఆ లవణాలు, సబ్బు కలిసి చేసేదే, సబ్బుతో తల రుద్దుకుంటే అదే జుట్టు మీద కూడా కూర్చుంటుంది. అందుకే దువ్వెన దిగదు, జుట్టు పీచులా ఉంటుంది. కుంకుడుకాయలో నురుగు ఇచ్చేది సాపోనిన్. అది ఒక కొసతో నూనెను, ఇంకో కొసతో నీటిని పట్టుకుని మురికిని లాగేస్తుంది, గట్టి నీళ్ళలో కూడా ఆ తెల్ల పొర కట్టదు. పైగా ఒంటి సబ్బు క్షారం, కుంకుడు రసం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, మన చర్మం కూడా అటు వైపే. బోరు నీళ్ళ ఊళ్ళల్లో పెద్దవాళ్ళు కుంకుడుకాయను అంత తేలిగ్గా వదలకపోవడానికి కారణం ఇదేనని నాకు గట్టి నమ్మకం.

సరే, పనిలోకి వద్దాం. కుంకుళ్ళు కొనేటప్పుడు తొక్క ముడతలు పడి, వెలుతురులో పాత బెల్లం రంగులో మెరిసేవి చూసుకోండి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమనాలి. పురుగు తొలిచిన చిన్న చిల్లులున్నవి, బూజు పట్టినవి వద్దు. విశాఖలో 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీలో గిరిజనులు ఏరి తెచ్చిన కుంకుళ్ళు, శీకాయ, చింతపండు, తేనె కొంటుంది. వాళ్ళ డిపో మీకు దగ్గర్లో ఉంటే అక్కడ కొనమని చెప్తాను, మన డబ్బు కొంతైనా చెట్టు ఎక్కిన మనిషి దాకా వెళ్తుంది.

నడుము దాకా జుట్టుంటే పన్నెండు నుంచి పదిహేను కాయలు, భుజాల దాకా అయితే ఎనిమిది, మగవాళ్ళ క్రాఫుకి ఐదు చాలు. పాత న్యూస్‌పేపర్ పరిచి రాయితో ఒక్కొక్కటీ కొట్టి గింజ తీసేయండి. ఇక్కడ తొందరపడొద్దు. నేను మొదటిసారి టైం లేదని గింజలు తీసి తొక్కల్ని మిక్సీలో పొడి కొట్టి నేరుగా తలకి పెట్టుకున్నాను, ఆ పొడి నలకలు మాడుకి అతుక్కుపోయి రెండు రోజులు దురద, దువ్విన ప్రతిసారీ రాలేవి. పొడే వాడాలంటే అది కూడా నానబెట్టి, బట్టలో వడకట్టాల్సిందే.

తొక్కల్ని స్టీలు గిన్నెలో వేసి అర లీటరు వేడి నీళ్ళు పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి తొక్క ఉబ్బి మెత్తగా, జిగటగా అవుతుంది. చెయ్యి పెట్టి పిసకండి. మొదట నీళ్ళు టీ రంగుకి తిరుగుతాయి, రెండు నిమిషాలకి తెల్లటి నురుగు వేళ్ళ సందుల్లోంచి పొంగుతుంది, పుల్లపుల్లగా ఒక వాసన వస్తుంది, అది తెలిసినవాళ్ళకి ఆదివారం పొద్దుటి వాసన. పాత నూలు బట్టలో వడకట్టి గట్టిగా పిండండి. మందార చెట్టుంటే ఏడెనిమిది ఆకులు కడిగి ఇందులోనే నలిపితే జిగురు దిగుతుంది, ఇక విడిగా కండిషనర్ అక్కర్లేదు. ఈ రసం నిలవ ఉండదు, బయట పెడితే మర్నాటికి పులుస్తుంది, ఫ్రిజ్‌లో అయితే రెండు మూడు రోజులు. కాబట్టి ఎప్పటికప్పుడు చేసుకోవడమే మంచిది.

తల మొత్తం గోరువెచ్చని నీళ్ళతో బాగా తడిపాక, తల వెనక్కి వంచి మగ్గుతో కొంచెం కొంచెం పోసుకుంటూ మునివేళ్ళతో మాడు రుద్దండి, గోళ్ళతో కాదు. నూనె ఉన్న తలకి మొదటి విడతలో నురుగు రాదు, అది చూసి కంగారుపడి మొత్తం రసం ఒంపేయకండి, సగం రెండో విడతకి ఉంచండి, అప్పుడు పొంగుతుంది. మాడు శుభ్రపడితే చాలు, జారిన నురుగుతోనే జుట్టు చివర్లు శుభ్రమవుతాయి, చివర్లను బట్ట ఉతికినట్టు రుద్దొద్దు.

ఇక కళ్ళ సంగతి. చిన్నప్పుడు కళ్ళు మండుతున్నాయని ఏడిస్తే అమ్మమ్మ నాలుక మీద ఉప్పు కల్లు పెట్టి, చప్పరిస్తూ ఉండమ్మా, అయిపోయింది అనేది. మీ ఇంట్లో కూడా ఇదే జరిగి ఉంటుంది. ఆ ఉప్పు మన ధ్యాస మళ్ళించేది, అంతే, మంట తీసేది మాత్రం మంచినీళ్ళే. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి చల్లటి మంచినీళ్ళతో పది పదిహేను నిమిషాలు ఆపకుండా కడగండి. ఎరుపు, నొప్పి తగ్గకపోతే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. పసిపిల్లలకి కుంకుడు వద్దు. మీకు కొత్త అయితే ముందు రోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూడండి. చుండ్రు ఉన్నవాళ్ళకి ఇంకో మాట: చుండ్రుతో పెరిగే ఫంగస్‌కి మాడు మీది నూనే ఆహారం, కాబట్టి రాత్రంతా నూనె పట్టించి ఉంచే అలవాటు మానేయండి. కుంకుడు మురికిని తీస్తుంది కానీ చుండ్రుకి మందు కాదు, తగ్గకపోతే చర్మం డాక్టర్ రాసే షాంపూయే వాడాలి.

తలస్నానం రోజు ఒంటికి సబ్బు ఎంత? చంకలు, గజ్జలు, పాదాలు, అంతే. చేతులకీ కాళ్ళకీ రోజూ సబ్బు రుద్దితే చలికాలం గీతలు పడేలా ఎండిపోతాయి. ఒళ్ళు తుడుచుకోగానే, ఇంకా కొంచెం తడి ఉండగానే కొబ్బరినూనె రాసేయండి.

ఇప్పుడు పిప్పి. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. పిండిన పిప్పిలో నురుగు ఇంకా మిగిలే ఉంటుంది. దాంతో వెండి పట్టీలు రుద్దండి, కంసాలులు కూడా నగలు కడగడానికి కుంకుడు నీళ్ళు వాడతారు. జిడ్డు మూకుడు, స్టవ్ గట్టు కూడా దీంతో తోమొచ్చు. పట్టుచీర ఉతకాలంటే పిప్పిని ఇంకో లీటరు నీళ్ళలో పిసికి వడకట్టిన పలచటి రసం సరిపోతుంది. ఆ తర్వాత పిప్పి తడి చెత్తలోకి, కంపోస్ట్ ఉంటే దాన్లోకి. గింజలు మాత్రం కంపోస్ట్‌లో వేయకండి, ఆ నల్లటి పెంకు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఖాళీ జాగా ఉన్నవాళ్ళు గింజను గరుకు రాయి మీద కొంచెం అరగదీసి, నీళ్ళలో నానబెట్టి నాటి చూడండి. ఒక్క జాగ్రత్త, కుంకుడు నీళ్ళు చేపలకి విషం. చెరువులో, అక్వేరియం దగ్గర ఒంపొద్దు.

షాంపూ వాడేవాళ్ళని నేను తప్పుపట్టను, వారం మధ్యలో ఆఫీసు హడావిడిలో నేనూ వాడతాను. కానీ ప్యాకెట్లు మానేసి బాటిల్‌కి మారండి. ప్యాకెట్ చింపి లోపల చూడండి, వెండిలా మెరుస్తుంది, ప్లాస్టిక్ పొరలు, సన్నటి లోహపు పొర అంటుకుని ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం కాబట్టి పాత సామాన్లు కొనే ఆయన ముట్టుకోడు. బాటిల్ అలా కాదు. అడుగున త్రికోణంలో 1 లేదా 2 అంకె ఉంటే తిరిగి కరిగించి వాడతారు. అడుగున మిగిలిన షాంపూని నీళ్ళు పోసి ఊపి బాత్‌రూమ్ కడగడానికి వాడేయండి, బాటిల్ బోర్లించి ఆరబెట్టి పొడి చెత్తలో వేయండి. పంపు మూత విప్పి విడిగా పెట్టండి, దాంట్లో ఇనుప స్ప్రింగు ఉంటుంది, అది ఉంటే బాటిల్ కూడా పాడే.

మిగతావి గబగబా. సబ్బు అట్ట పొడి చెత్త. సబ్బు ముక్కలు పాత సాక్సులో వేసి ముడి కట్టి సింక్ దగ్గర వేలాడదీయండి, చేతులు కడుక్కోవడానికి నెలరోజులు వస్తుంది. ప్యాడ్లు కాగితంలో చుట్టి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. బ్లేడ్లు మూతున్న పాత డబ్బాలో. దువ్వెన జుట్టు ఒక కవర్లో దాచండి, జుట్టు కొంటాం అని అరుచుకుంటూ వచ్చే ఆయనకి ఇస్తే సవరాలకి పోతుంది, మా వీధిలో గిన్నెలు ఇచ్చి తీసుకెళ్తారు.

ఈ వారం పని: బాత్‌రూమ్‌లో రెండో బుట్ట పెట్టండి, ఏడు రోజుల పొడి చెత్త అందులో దాచి ఆదివారం నేల మీద పోసి లెక్కపెట్టి రాసుకోండి. ప్యాకెట్లు ఎన్ని, బాటిళ్ళు ఎన్ని, కాగితాలు ఎన్ని అని. వచ్చే పాఠం సున్నిపిండి, దానికి బత్తాయి తొక్కలు కావాలి. ఇవాళ తిన్నవాటి తొక్కలు పారేయకుండా సన్నగా చీల్చి, నీడలో పళ్ళెంలో పరిచి, రోజుకోసారి తిప్పుతూ ఉండండి. విరిస్తే ఫట్‌మని విరగాలి, అప్పటిదాకా డబ్బాలో పెట్టకండి.